పలు కంపెనీలు – ఒకే పన్ను లెక్క
(సహకార విద్యా పాఠం – సంఘ సమావేశాల్లో చదివి చర్చించుకొనుటకు)



ఈమధ్య ఒక పాల సంఘం సర్వసభ్య సమావేశానికి వెళ్ళినప్పుడు ఒక పెద్దాయన లేచి నన్నొక ప్రశ్న అడిగారు. "ఇన్‌స్పెక్టరు గారూ, మా ఊరి పాలూ, పక్క ఊరి పాలూ ఒకే ట్యాంకర్లో యూనియన్‌కు పోతున్నాయి. అక్కడ ఎవరి పాలు ఎవరివో చెప్పలేం. పాలు కలిసినప్పుడు పన్ను లెక్కలు ఎందుకు కలవవండీ? మా సంఘానికొక రిటర్ను, యూనియన్‌కొక రిటర్ను, ఫెడరేషన్‌కొక రిటర్ను, ఇంత తతంగం దేనికి? పైవాళ్ళే అందరికీ కలిపి ఒకటి వేస్తే పోదా?"

సభలో చాలామంది తలలూపారు. అందరికన్నా గట్టిగా తల ఊపినవాడు సంఘ కార్యదర్శి.

ప్రశ్న నిజంగా మంచిది. ఎందుకంటే కొన్ని దేశాల్లో కంపెనీలకు అచ్చంగా అటువంటి ఏర్పాటే ఉన్నది. ఒక యాజమాన్యం క్రింద ఉన్న పలు కంపెనీలు తమ లాభనష్టాలను ఒకచోట చేర్చి ఒకే రిటర్ను వేసి ఒకే పన్ను కట్టవచ్చు. దీనిని మనం ఈ పాఠంలో "సమూహ పన్ను విధానం" అని పిలుచుకుందాం. అది ఎట్లా పని చేస్తుంది, దానివల్ల పన్ను చట్టాన్ని పాటించడం సులువైనదా, కష్టమైనదా, చివరకు మన సంఘాలు దానినుంచి నేర్చుకోవలసినది ఏమిటి – ఈ మూడు సంగతులు వరుసగా తెలుసుకుందాం.

1. ఒక చిన్న లెక్క

మామూలుగా చట్టం దృష్టిలో ప్రతి కంపెనీ ఒక ప్రత్యేక వ్యక్తి. ఒక కంపెనీ మరొక కంపెనీ వాటాలన్నీ కొని దానికి యజమాని అయినా సరే, రెండూ రెండు వ్యక్తులే. వాటాలు కొన్నదానిని తల్లి కంపెనీ అనీ, కొనబడినదానిని పిల్ల కంపెనీ అనీ అంటాం. ఎవరి లాభానికి వారు పన్ను కట్టాలి. ఎవరి నష్టం వారు భరించాలి.

ఉదాహరణకు ఒక తల్లి కంపెనీకి పాలపొడి కర్మాగారం ఉన్నదనుకోండి. దానికి రెండు పిల్ల కంపెనీలు. ఒకటి దాణా మిల్లు, రెండవది పాల ట్యాంకర్లు నడిపే రవాణా కంపెనీ. ఒక సంవత్సరం కర్మాగారానికి 10 లక్షల రూపాయల లాభం, దాణా మిల్లుకు 6 లక్షల నష్టం, రవాణా కంపెనీకి 2 లక్షల లాభం వచ్చింది. పన్ను రేటు నూటికి 25 అని లెక్క సౌలభ్యం కోసం అనుకుందాం.

ఎవరి రిటర్ను వారు వేస్తే: కర్మాగారం 2,50,000 రూపాయలు, రవాణా కంపెనీ 50,000 రూపాయలు కట్టాలి. మిల్లు కట్టవలసినది లేదు. మొత్తం 3,00,000 రూపాయలు.

ముగ్గురూ కలిపి ఒకటే రిటర్ను వేస్తే: 10 లక్షలు, 2 లక్షలు కలిపి 12 లక్షలు. అందులోంచి 6 లక్షల నష్టం తీసివేస్తే 6 లక్షలు. పన్ను 1,50,000 రూపాయలు.

పన్ను సగానికి తగ్గింది. అయితే ఇక్కడ ఒక సంగతి గమనించవలెను. విడిగా రిటర్ను వేసినప్పుడు మిల్లు నష్టం గాలికి పోదు. దానిని తరువాతి సంవత్సరాల లాభంలోంచి తగ్గించుకోవచ్చు. మన దేశంలో వ్యాపార నష్టాన్ని 8 సంవత్సరాల వరకు ఇట్లా ముందుకు తీసుకుపోవచ్చు. మిల్లు మళ్ళీ లాభాల్లోకి వస్తే ఆ ప్రయోజనం ఆలస్యంగానైనా దక్కుతుంది. ఎన్నటికీ లాభం రాకపోతే ఆ నష్టం పన్ను లెక్కలో వృథా అవుతుంది. సమూహ పద్ధతిలో ఆ ప్రయోజనం అదే ఏడాది చేతికి వస్తుంది. ఇది మొదటి లాభం.

రెండవ లాభం లోపలి లావాదేవీలకు సంబంధించినది. రవాణా కంపెనీ కర్మాగారం దగ్గర ఏడాదికి 4 లక్షలు కిరాయి తీసుకున్నదనుకోండి. విడి లెక్కల్లో అది ఒకరికి ఆదాయం, ఒకరికి ఖర్చు. ఆ కిరాయి న్యాయమైనదేనా అని పన్ను అధికారి అడుగుతాడు. కిరాయి పెంచి లాభాన్ని ఒక జేబులోంచి మరొక జేబులోకి మార్చే వీలుంది గనుక అడగక తప్పదు. లెక్కలు కలిపితే ఆ 4 లక్షలు ఒకపక్క కూడి మరొకపక్క తీసివేసి సున్న అవుతుంది. తగువే ఉండదు.

మూడవది, మూడు రిటర్నులకు బదులు ఒకటి. కార్యదర్శులకు నచ్చేది ఇదే!

2. అమెరికా: సర్కారే బలవంతాన కలిపించిన సందర్భం

ఈ విధానం కంపెనీల మీద దయతో పుట్టినది కాదు. అమెరికాలో మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో, 1917లో, పెట్టుబడికి మించి వచ్చిన అధిక లాభాలపై ప్రత్యేక పన్ను విధించారు. పెట్టుబడితో పోల్చితే లాభం ఎంత ఎక్కువైతే పన్ను రేటు అంత ఎక్కువ. అప్పుడు పెద్ద కంపెనీలకు ఒక ఉపాయం దొరికింది. వ్యాపారాన్ని నాలుగైదు కంపెనీలుగా విడగొట్టి, వాటి మధ్య ధరలను సర్దుబాటు చేసుకుంటే, ఏ ఒక్కదాని లాభమూ పై రేటును తాకదు.

దీనిని అరికట్టడానికి ప్రభుత్వం ఒకే యాజమాన్యం క్రింది కంపెనీలన్నీ కలిపి ఒకే రిటర్ను వేయాలని ఆదేశించింది. 1918 చట్టం దీనిని ఆదాయపు పన్నుకు కూడా తప్పనిసరి చేసింది. 1922 నుంచి ఇష్టమైన కంపెనీలే కలిపి వేసుకోవచ్చన్నారు. 1934లో రైల్వే కంపెనీలకు తప్ప మిగతావారికి ఈ సౌకర్యం తీసివేశారు. 1942లో తిరిగి ఇచ్చారు. ఇప్పుడు తల్లి కంపెనీకి కనీసం 80 శాతం వాటా ఉన్న పిల్ల కంపెనీలను ఈ లెక్కలో చేర్చుకోవచ్చు.

అక్కడి నిబంధనల్లో మనం గుర్తుపెట్టుకోవలసినది ఒకటున్నది. కలిపి రిటర్ను వేసిన సంవత్సరానికి సంబంధించిన మొత్తం పన్నుకు సమూహంలోని ప్రతి కంపెనీ పూర్తిగా బాధ్యురాలు. నా వంతు ఇంతే అని అనడానికి లేదు. పైన చెప్పిన ఉదాహరణలో 1,50,000 రూపాయలు కర్మాగారం కట్టకపోతే, మొత్తాన్ని రవాణా కంపెనీ దగ్గర వసూలు చేయవచ్చు. విడిగా రిటర్ను వేసి ఉంటే ఆ కంపెనీ కట్టవలసినది 50,000 మాత్రమే! కంపెనీలు తమలో తాము ఏమి రాసుకున్నా అది వాళ్ళ మధ్య మాట. పన్నుల శాఖను అది కట్టిపడెయ్యదు.

3. ఆస్ట్రేలియా: ఒకరు చేరితే అందరూ చేరాలి

ఆస్ట్రేలియాలో సమూహ పన్ను విధానం 2002 జూలై 1 నుంచి అమలులోకి వచ్చింది. అంతకుముందు అక్కడ ఒక కంపెనీ నష్టాన్ని అదే సమూహంలోని మరొక కంపెనీకి బదిలీ చేసే పద్ధతి ఉండేది. ఇంగ్లండులో 1967 నుంచి ఉన్న పద్ధతి కూడా ఇటువంటిదే. అక్కడ ఎవరి రిటర్ను వారు వేస్తారు, నష్టాన్ని మాత్రం ఒకరినుంచి ఒకరు తీసుకుంటారు. ఆస్ట్రేలియా దానిని తీసివేసి లెక్కలు పూర్తిగా కలిపే పద్ధతిని తెచ్చింది. దాని నియమాలు క్లుప్తంగా ఇవి.

(అ) చేరడం కంపెనీల ఇష్టం. కాని చేరిన తరువాత ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకోవడానికి లేదు.

(ఆ) తల్లి కంపెనీకి నూటికి నూరు శాతం వాటాలున్న దేశీయ పిల్ల కంపెనీలే చేరవచ్చు. అట్లా ఉన్నవన్నీ చేరవలసిందే. లాభసాటిగా ఉన్నవాటిని బయట ఉంచి నష్టాలవాటిని చేర్చడం కుదరదు.

(ఇ) ఆదాయపు పన్ను లెక్కకు పిల్ల కంపెనీలను తల్లి కంపెనీలో భాగాలుగా చూస్తారు. రిటర్ను తల్లిదే, పన్ను మదింపు తల్లికే.

చట్టాన్ని పాటించే పని దీనివల్ల తేలికైనదా? ఒకవైపు తేలికైనది. రిటర్నులు తగ్గాయి. లోపలి అమ్మకాలు, అప్పులు, వడ్డీలు పన్ను లెక్కలోంచి మాయమయ్యాయి. పన్నుల శాఖకు మాట్లాడవలసిన వ్యక్తి ఒకరే అయ్యారు.

మరొకవైపు బరువు పెరిగింది. ఒక పిల్ల కంపెనీ సమూహంలోకి వచ్చినప్పుడల్లా దాని ఆస్తుల విలువను పన్ను లెక్క కోసం కొత్తగా నిర్ణయించవలె. బయటకు పోయినప్పుడు మళ్ళీ ఇంకొక లెక్క. ఈ లెక్కలు నిపుణులు లేకుండా తేలేవి కావు. పైగా కలిసినది ఆదాయపు పన్ను ఒక్కటే. జీతాల్లోంచి పన్ను మినహాయించి జమచేసే బాధ్యత ప్రతి కంపెనీకీ విడిగా అలాగే ఉన్నది. వస్తు సేవల పన్నుకు సమూహ నియమాలు వేరు. అంటే పిల్ల కంపెనీ గుమాస్తాకు పుస్తకాలు రాసే పని తగ్గలేదు.

బాధ్యత విషయంలో ఆస్ట్రేలియా కొంచెం ఆలోచించి దారి చూపింది. తల్లి కంపెనీ గడువుకు పన్ను కట్టకపోతే పిల్లలందరూ ఉమ్మడిగా, ఒక్కొక్కరు మొత్తానికి బాధ్యులు. కాని గడువుకు ముందే అందరూ కలిసి పన్నును న్యాయంగా పంచుతూ చట్టప్రకారం ఒప్పందం రాసుకొని ఉంటే, ఎవరి బాధ్యత వారి వంతుకే పరిమితం. మన ఉదాహరణలో లాభాల నిష్పత్తిలో పంచితే రవాణా కంపెనీ వంతు 25,000 రూపాయలు. ఒప్పందం ఉంటే 25,000, లేకపోతే 1,50,000. ఒక్క కాగితం చేసే తేడా అది. ఆ కాగితం కూడా గడువుకు ముందు రాసుకున్నదై ఉండాలి. ఇల్లు కాలాక బావి తవ్వితే పనికిరాదు.

4. జపాన్: కలిపి, మళ్ళీ విడదీసిన అనుభవం

మనకు అన్నిటికన్నా ఎక్కువ నేర్పేది జపాన్ అనుభవం. జపాన్ కూడా 2002లోనే నూరు శాతం వాటాలున్న సమూహాలకు కలిపి రిటర్ను వేసే విధానం తెచ్చింది. సుమారు ఇరవై ఏళ్ళు నడిపింది. తరువాత 2020లో చట్టం సవరించి, 2022 ఏప్రిల్ 1 నుంచి మొదలయ్యే లెక్క సంవత్సరాలకు దానిని మార్చివేసింది. ఇప్పుడు అక్కడ సమూహంలోని ప్రతి కంపెనీ తన రిటర్ను తానే వేసి తన పన్ను తానే కడుతుంది. నష్టాన్ని లాభమున్న కంపెనీలకు పంచుకొనే సౌకర్యం మాత్రం ఉంచారు.

ఎందుకు మార్చారు? మన ఉదాహరణలోకే వద్దాం. దాణా మిల్లు వాళ్ళు సంవత్సరాంతపు సరుకు నిల్వను లక్ష రూపాయలు తక్కువగా రాశారని తరువాత తేలింది. అంటే అసలు నష్టం 6 లక్షలు కాదు, 5 లక్షలు.

విడి రిటర్నులైతే: మిల్లు ముందుకు తీసుకుపోయే నష్టం 6 నుంచి 5 లక్షలకు తగ్గుతుంది. ఆ ఏడాది ఎవరూ అదనంగా కట్టవలసినది లేదు.

కలిపిన రిటర్నైతే: సమూహం ఆదాయం 6 కాదు, 7 లక్షలు. పన్ను 1,50,000 కాదు, 1,75,000. పాతిక వేలు తక్కువ కట్టినట్టు. దానిపై వడ్డీ. తల్లి కంపెనీ రిటర్ను సవరించాలి. ఎవరి వంతు ఎంతో మళ్ళీ లెక్క వేయాలి.

మూడు కంపెనీలకే ఇట్లా ఉంటే, పదుల కొద్దీ కంపెనీలున్న సమూహాల మాట ఆలోచించండి. ఏ మూలనో ఒక చిన్న కంపెనీ గుమాస్తా చేసిన తప్పుకు అందరి లెక్కలూ తిరగరాయాలి. ఈ భారం కంపెనీలకూ, పన్నుల శాఖకూ కూడా ఎక్కువైనదని జపాన్ ప్రభుత్వం గ్రహించింది. కొత్త పద్ధతిలో ఒక కంపెనీ లెక్కలో తప్పు దొరికితే దానిని సాధారణంగా ఆ కంపెనీ వరకే సరిదిద్దుతారు. మొదట పంచిన నష్టాల అంకెలను కదపరు. చట్టాన్ని వంచే ప్రయత్నం జరిగిన సందర్భాలకు మాత్రం వేరే నియమం ఉన్నది.

5. ఈ అనుభవాల సారాంశం

ఇదంతా పాలవాళ్ళకు తెలియని విషయమేమీ కాదు. పాల కేంద్రంలో ప్రతి సభ్యుని పాలూ క్యాన్‌లో పోయకముందే వేరుగా నమూనా తీస్తాం. వెన్న శాతం ఎవరిది వారికి రాస్తాం. ఎందుకు? కలిసిన తరువాత ఎవరి పాలలో నీళ్ళున్నాయో చెప్పలేం గనుక. ఒక్కరి పులిసిన పాలు కూలర్‌లో పడితే మిగతా వందమంది పాలూ విరిగిపోతాయి గనుక. పాలు కలుపుతున్నాం కదా అని పరీక్ష మానలేదు. కలుపుతున్నాం గనుకనే పరీక్ష గట్టిగా చేస్తున్నాం.

కలిపిన పన్ను రిటర్ను కూడా అంతే. దానివల్ల ప్రయోజనాలు: నష్టం వెంటనే అక్కరకు వస్తుంది, లోపలి లావాదేవీల తగువులు పోతాయి, రిటర్నుల సంఖ్య తగ్గుతుంది. దానితో వచ్చే బరువులు: ఒకరి తప్పు అందరికీ అంటుతుంది, ఒకరి బకాయి మరొకరి మెడకు చుట్టుకుంటుంది, చేరేటప్పుడూ విడిపోయేటప్పుడూ చిక్కు లెక్కలుంటాయి. రిటర్ను ఒకటే అయినా పుస్తకాలు ఒకటి కావు. అందరిలోకీ చిన్న కంపెనీ చిట్టా సరిగా ఉంటేనే పెద్ద రిటర్ను సరిగా ఉంటుంది.

6. మన దేశంలో పరిస్థితి

మన ఆదాయపు పన్ను చట్టంలో కంపెనీలకు గాని, సహకార సంఘాలకు గాని సమూహ పన్ను విధానం లేదు. పెద్ద కంపెనీలు వార్షిక నివేదికల్లో తమ పిల్ల కంపెనీల లెక్కలు కూడా కలిపి ప్రచురిస్తాయి. 2013 కంపెనీల చట్టం ప్రకారం అది వాటాదారుల సమాచారానికి చేసేది. పన్ను రిటర్ను మాత్రం ఎవరిది వారిదే.

ఒకవేళ ఆ విధానం మన దేశానికి వచ్చినా మన పాల సంఘాలకు అతకదు. కారణం తేలిక. కంపెనీల సమూహంలో పైది క్రిందివాటికి యజమాని. ఆనంద్ పద్ధతి సహకార వ్యవస్థలో ఇది తలక్రిందులు. పాడి రైతులు సంఘానికి యజమానులు, సంఘాలు యూనియన్‌కు యజమానులు, యూనియన్లు ఫెడరేషన్‌కు యజమానులు. మన సంఘం వాటాలు యూనియన్ చేతిలో లేవు, సభ్యుల చేతిలో ఉన్నాయి. కనుక యూనియన్ మనకు తల్లి కంపెనీ కాదు. మనం పెట్టుకున్న మన సంస్థ.

పెద్దాయనకు ఆ రోజు సభలో నేను ఇదే చెప్పి ఒక ఎదురు ప్రశ్న వేశాను. "అందరికీ కలిపి ఒకే రిటర్ను అంటే బాధ్యత కూడా అందరికీ కలిపే వస్తుందండీ. రేపు పైవారి పన్ను బకాయికి మీ సంఘం డిపాజిట్టు జప్తు చేస్తామంటే ఒప్పుకుంటారా?" ఆయన వెంటనే "అట్లా ఎట్లా కుదురుతుందండీ, అది మా రైతుల డబ్బు" అన్నారు. "అందుకే మీ రిటర్ను మీది" అన్నాను.

7. పొరపాటు ఖరీదు

మన ప్రాథమిక పాల సంఘాలకు చట్టం మంచి రాయితీ ఇచ్చింది. 1961 ఆదాయపు పన్ను చట్టం 80పీ సెక్షన్ ప్రకారం, సభ్యులు ఉత్పత్తి చేసిన పాలను ఫెడరల్ సహకార సంఘానికి, అంటే మన యూనియన్ వంటి దానికి, సరఫరా చేసే ప్రాథమిక సంఘం ఆ పనిపై సంపాదించిన లాభం మొత్తాన్ని ఆదాయంలోంచి తగ్గించుకోవచ్చు. ప్రైవేటు డెయిరీకి పోసిన పాలకు ఈ రాయితీ వర్తించదు.

రాయితీ ఉన్నది గనుక రిటర్ను అక్కరలేదని చాలామంది అనుకుంటారు. ఇది పెద్ద పొరపాటు. రాయితీ దానంతట అది రాదు, రిటర్నులో అడగాలి. 2018లో సవరించిన 80ఏసీ సెక్షన్ ప్రకారం గడువులోగా రిటర్ను వేసిన సంఘానికే 80పీ రాయితీ. చట్టప్రకారం ఆడిట్ తప్పనిసరి అయిన సంఘాలకు సాధారణంగా ఆ గడువు అక్టోబరు 31. ఏదైనా సంవత్సరం ప్రభుత్వం గడువు పొడిగిస్తే వేరే మాట.

ఒక సంఘం సంగతి చెబుతాను, పేరు చెప్పను. 2021-22 లెక్కల్లో ఆ సంఘానికి యూనియన్‌కు పోసిన పాలమీద 4 లక్షల రూపాయల లాభం వచ్చింది. ఆడిట్ ఆగస్టులోనే పూర్తయింది. కార్యదర్శి మంచివాడే, పాల రిజిస్టరులో ఒక్క కొట్టివేత ఉండదు. కాని "యూనియన్ వాళ్ళు రిటర్ను వేస్తారు కదా సార్, మనదీ అందులో కలిసే ఉంటుంది" అనుకున్నాడు. నిజం తెలిసి డిసెంబరులో రిటర్ను వేశాడు. రాయితీ పోయింది. సహకార సంఘాల రేట్ల ప్రకారం లెక్క చూడండి.

మొదటి 10,000 రూపాయలపై నూటికి 10 చొప్పున 1,000. తరువాతి 10,000పై నూటికి 20 చొప్పున 2,000. మిగిలిన 3,80,000పై నూటికి 30 చొప్పున 1,14,000. మొత్తం 1,17,000. దానిపై నూటికి 4 చొప్పున సెస్సు 4,680. వెరసి 1,21,680 రూపాయలు. వడ్డీ, ఆలస్య రుసుము వీటికి అదనం.

ఆ సంఘంలో 200 మంది సభ్యులు. తలకు 608 రూపాయలు. ఆ ఏడాది బోనసు నిలిచిపోయింది. ఒక గేదె మీద బ్రతుకుతున్న ఒక ముసలమ్మ నన్ను పట్టుకొని "నా గేదె పాలకు పన్నేంది నాయనా" అని అడిగింది. జవాబు చెప్పలేకపోయాను. ఆమె పాలకు పన్ను లేదు. ఒక అపోహకు పడిన పన్ను అది.

2023 జూలై 26న కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు తన 13వ సర్క్యులర్‌లో కొంత వెసులుబాటు ఇచ్చింది. 2018-19 నుంచి 2022-23 వరకు గల మదింపు సంవత్సరాలకు, రాష్ట్ర చట్టం క్రింద జరగవలసిన ఆడిట్ ఆలస్యమైనందువల్ల రిటర్ను ఆలస్యమైన సంఘాలు మన్నింపు కోరవచ్చని చెప్పింది. పై సంఘం సంవత్సరం అందులోనే ఉన్నది. కాని దాని ఆడిట్ ఆలస్యం కాలేదు గదా! పక్క సంఘాలకు దొరికిన దారి దీనికి మూసుకుపోయింది.

8. పాలకవర్గం చేయవలసిన పనులు

(అ) పాన్ కార్డు సంఘం పేరున ఉండాలి. కార్యదర్శి సొంత పాన్‌తో సంఘం లావాదేవీలు నడపరాదు.

(ఆ) మార్చి 31కి లెక్కలు మూసి, వెంటనే ఆడిట్ కోసం రాయాలి. ఆడిట్ ఆలస్యమైతే, తాము రాసిన ఉత్తరాల నకళ్ళు భద్రపరచాలి. రేపు మన్నింపు అడగవలసివస్తే అవే సాక్ష్యం.

(ఇ) యూనియన్‌కు పంపిన పాలు, ఊళ్ళో అమ్మిన పాలు, దాణా అమ్మకం, బ్యాంకు వడ్డీ – వీటి లాభాలను వేరువేరుగా చూపాలి. అన్నింటికీ ఒకే రాయితీ వర్తించదు.

(ఈ) యూనియన్ ఇచ్చిన ఏడాది పాల బిల్లుల మొత్తాన్ని మన పుస్తకాలతో సరిపోల్చాలి. బిల్లులో పన్ను మినహాయించి ఉంటే దానిని తిరిగి రాబట్టుకోవడానికి కూడా రిటర్నే దారి.

(ఉ) రిటర్నులో ఆదాయం చూపి, ఆపైన రాయితీ కోరాలి. రాయితీ ఉన్నది కదా అని ఆదాయమే సున్న వేయరాదు.

(ఊ) రిటర్ను పంపిన తరువాత 30 రోజుల్లోగా దానిని ధ్రువీకరించాలి. అది దాటితే, ధ్రువీకరించిన రోజునే రిటర్ను వేసినట్లు లెక్కిస్తారు. గడువులో వేసిన రిటర్ను కూడా అట్లా గడువు దాటినదవుతుంది.

(ఋ) రసీదును నవంబరు పాలకవర్గ సమావేశంలో చదివి, మినిట్స్ పుస్తకంలో నమోదు చేయాలి.

ఒక మనవి. పైన చెప్పిన సెక్షన్ల అంకెలు 1961 చట్టానివి. దాని స్థానంలో 2025లో పార్లమెంటు కొత్త ఆదాయపు పన్ను చట్టం చేసింది. దాని అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. అందులో సెక్షన్ల అంకెలు వేరు. కావున ఏ సంవత్సరపు లెక్కకు ఏ చట్టం, ఏ సెక్షన్ అన్నది ఆడిటరును అడిగి రాసుకోవలెను.

9. చర్చించుకొనుటకు ప్రశ్నలు

1. ఒక సమూహంలో మూడు కంపెనీలకు 8 లక్షల లాభం, 3 లక్షల నష్టం, 1 లక్ష లాభం వచ్చాయి. పన్ను రేటు నూటికి 25. విడిగా ఎంత, కలిపితే ఎంత? (జవాబు: విడిగా 2,25,000, కలిపితే 1,50,000.)

2. జపాన్ తన పాత విధానాన్ని ఎందుకు మార్చుకున్నది?

3. యూనియన్ మన సంఘానికి తల్లి కంపెనీ వంటిదా? కాకపోతే ఎందుకు కాదు?

4. మన సంఘం క్రిందటి సంవత్సరపు రిటర్ను ఏ తేదీన దాఖలైనది? ఏ తేదీన ధ్రువీకరించారు? రసీదు ఎవరి దగ్గర ఉన్నది?

నాలుగవ ప్రశ్నకు జవాబు ఈ పాఠంలో లేదు. సభ్యులు తమ కార్యదర్శిని అడిగి రసీదు చూపించమనవలెను. అడిగినందుకు ఆయన నొచ్చుకోనక్కరలేదు. రోజూ మీ పాల నమూనా ఆయన తీయడం లేదూ!

– ఒక సహకార ఇన్‌స్పెక్టరు